పాక గోడ వెంట అడ్డకర్ర

నాన్న పోయిన తరువాత చాలాకాలంగా మూతపడి ఉన్న పందుల పాకను విప్పించడానికి మొన్న నేనూ చెల్లీ కలిసి వెళ్ళాము. పైకప్పు రేకులు ఒక్కొక్కటే దించుతుంటే మాగిన గడ్డి, పాత తవుడు, గోడ సున్నం, వాటన్నిటి అడుగున ఇటుకల్లోకి ఇంకిపోయిన పందుల వాసన ఒక్కసారిగా పైకి లేచాయి. పనివాళ్ళలో ఒకతను తువ్వాలు తీసి ముక్కుకు కట్టుకున్నాడు. మేమిద్దరం మాత్రం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాము. ఎన్నో ఏళ్ళు మా ఇంట్లో తెల్లవారిందనడానికి మొదటి గుర్తు ఆ వాసనే. చెల్లి లోపలికి వెళ్ళి, పొడవాటి గోడ వెంట మోకాలి కన్నా కిందుగా బిగించి ఉన్న అడ్డకర్రను అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. తను ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

నాన్న ఉద్యోగం మానేసి ఎకరన్నర బీడు నేల కొన్ననాటికి మా ఇంట్లో పశువును పెంచిన అనుభవం ఎవరికీ లేదు. అమ్మకు కోళ్ళ గురించి కొంత తెలుసు, నాయనమ్మకు మేకల గురించి చిన్ననాటి జ్ఞాపకాలు కొన్ని ఉండేవి, అంతే. ఆ నేల నిండా తుంగ అల్లుకుని ఉండేది. తుంగను పైపైన ఎంత పీకినా నేలలో ఉన్న గడ్డల నుంచి వారం తిరక్కుండానే మళ్ళీ మొలుస్తుంది. నెల రోజులు గునపంతో తవ్వి చేతులు బొబ్బలెక్కిన తరువాత నాన్న ఎవరినో అడిగి తెలుసుకుని, ఎనిమిది వారాల వయసున్న, పాలు మానిన రెండు ఆడ పందిపిల్లలను గోనెసంచుల్లో పెట్టుకుని తీసుకువచ్చారు. అవి రెండూ ఒకే ఈత పిల్లలు. పంది గుంపులో బతికే జంతువు కనుక ఒంటరిగా తెచ్చిన పిల్ల బెంగపడి మేత ముట్టదని, తెస్తే జంటనే తేవాలని ఆయనకు ఎవరో చెప్పారట. ఒకటి వయసుకు మించి పెరిగేలా కనిపించింది, మరొకదానికి వీపు మీద నల్లని మచ్చలుండేవి. మేము వాటికి పేర్లేమీ ఆలోచించలేదు. ‘పెద్దది’, ‘మచ్చది’ అన్న పిలుపులే చివరిదాకా నిలిచిపోయాయి.

మొదటి రోజు సాయంత్రానికే రెండూ దడి కింద నుంచి బయటపడ్డాయి. చీకటిపడే దాకా ఇంటిల్లిపాదీ వాటి వెంట పరుగెత్తాము. నాన్న మేకలకు కట్టినట్లు ఎత్తుగా దడి కట్టారు కానీ, పంది దడిని దూకదు, ముట్టెను కింద పెట్టి మెడ బలంతో పైకి ఎత్తేస్తుంది. మర్నాడు ఆయన చెక్కలన్నీ ఊడదీసి గుంజలకు బయటివైపు నుంచి లోపలివైపుకు మార్చి కొట్టారు. లోపలి నుంచి నెట్టినప్పుడు చెక్క గుంజకు మరింత బిగుసుకుంటుందే తప్ప మేకు ఊడిరాదన్నది ఆ రోజు నేర్చుకున్న పాఠం. అడుగున ముళ్ళతీగ ఒక వరుస నేలకు ఆనించి లాగారు. ఆ తరువాత ఆ దడిని భాగాలుగా విడదీసి, కొన్ని రోజులకొకసారి కొత్త చోటికి జరుపుతూ పోతే, ఆ రెండు పిల్లలూ తుంగగడ్డలను ఒక్కటీ వదలకుండా తవ్వి తింటూ ఏడాది తిరిగేసరికి నేలంతా దున్నినట్టు చేసి ఇచ్చాయి. ముట్టెతో మన్ను తిరగేసేటప్పుడు అవి చేసే మెత్తని సణుగుడు, గడ్డ దొరికినప్పుడు పళ్ళ కింద నలిగే చప్పుడు ఇప్పటికీ నాకు చెవిలో ఉన్నాయి.

పంది మురికి జంతువు అన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చోటు ఇచ్చి చూస్తే అంత శుభ్రంగా ఉండే పశువు మరొకటి మా పాకలో లేదు. కొత్త పాకలోకి తోలిన రోజు నాన్న పొడిగా ఉన్న మూల గడ్డి పరచి, నీళ్ళ తొట్టె ఉన్న మూల నేల తడిపి, అక్కడ కొంచెం పేడ వేశారు. ఆ రాత్రి నుంచి అవి గడ్డి మూల పడుకుని, తడి మూలకు వెళ్ళి పేడ వేసి వచ్చేవి. ఎంత చలిలోనైనా ఆ అలవాటు తప్పేది కాదు. బురదలో పొర్లడం కూడా మురికి మీద ఇష్టం కాదు. దానికి మనలాగా చెమట పట్టదు కనుక, ఎండ పెరిగితే ఒళ్ళు చల్లబరచుకోవడానికి తడి కావాలి. నీళ్ళు త్వరగా ఆరిపోతాయి, బురద పూత నిదానంగా ఆరుతూ చాలాసేపు చల్లగా ఉంచుతుంది, పైగా లేత చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. నాన్న చెట్టు నీడలో ఒక గుంట తవ్వి నీళ్ళు వదిలిన మధ్యాహ్నం, అవి రెండూ దానిలోకి దిగి పక్కకు ఒరిగి కళ్ళు మూసుకున్నప్పుడు విడిచిన నిట్టూర్పు అరుగు మీద కూర్చున్న నాయనమ్మకు కూడా వినిపించింది.

తెల్లవారకముందే అమ్మ లేచి రాత్రి నానబెట్టిన తవుడులో గోరువెచ్చని నీళ్ళు కలిపేది. బాల్చీ పిడి అంచుకు తగిలి టంగుమన్న మరుక్షణం పాకలో నుంచి రెండు గొంతులు ఒక్కసారి లేచేవి. మేత ఆలస్యమైనప్పుడు పంది వేసే కేక ఎంత పదునుగా ఉంటుందో దగ్గరగా నిలబడి విన్నవారికే తెలుస్తుంది. అమ్మ మాత్రం ఆ కేకల్లో తేడాలు పట్టేది. ఇది ఆకలి, ఇది గొడవ, ఇది ఒంట్లో బాగాలేదు అని వంటింట్లో నుంచే చెప్పగలిగేది, అది తప్పిన సందర్భం నాకు గుర్తులేదు. నీళ్ళు మోయడం పిల్లల పని. పాలిచ్చే పంది రోజుకు 20 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది కనుక, బడికి వెళ్ళేముందు నేనూ చెల్లీ బావి నుంచి తొట్టెకు ఎన్ని విడతలు తిరిగేవాళ్ళమో లెక్క ఉండేది కాదు.

కాటా లేదు కనుక తూకానికి నాన్న దర్జీ టేపు వాడేవారు. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టూ ఒక కొలత, రెండు చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా వీపు మీదుగా మరొక కొలత తీసి, మీటర్లలో ఛాతీ కొలతను దానితో దాన్నే గుణించి, పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 69.3తో గుణిస్తే కిలోల్లో బరువు ఇంచుమించుగా వస్తుంది. రెండు కొలతలూ 110 సెంటీమీటర్లయితే సుమారు 92 కిలోలు. పంది మేత తింటున్నప్పుడే కొలవాలి, లేకపోతే నిలబడదు. నాన్న టేపు పట్టుకుని అంకెలు చెబుతుంటే నేను మేకుతో పాక తలుపు మీద గీసి లెక్క కట్టేదాన్ని. దశాంశ గుణకారాలు నాకు బడిలో కన్నా ముందు ఆ తలుపు దగ్గరే వచ్చాయి. మొన్న చూస్తే ఆ తలుపు రంగు పూర్తిగా వెలిసిపోయింది, కానీ నా చేతి అంకెలు కొన్ని ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి.

పెద్దది ఎదకు వచ్చిన సంగతి కనిపెట్టింది చెల్లే. ప్రతి 21 రోజులకు ఒకసారి ఎద వస్తుందని, అప్పుడు నడుము మీద రెండు చేతులతో నొక్కితే పంది చెవులు నిక్కబొడుచుకుని రాయిలా కదలకుండా నిలబడుతుందని పశువైద్యుడు చెప్పారు. చెల్లి రోజూ బడి నుంచి రాగానే దాని నడుము మీద వాలి చూసేది. ఒక రోజు అది కదలలేదు. చెల్లి ఇంట్లోకి పరుగెత్తుకువచ్చి చెప్పిన తీరుకు నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా మగపంది ఉన్నవారి ఇంటికి బయలుదేరారు. అక్కడ నుంచి 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుపెట్టుకోమన్నారు. గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసే బాధ్యత నాకు అప్పగించారు.

గీతలు 113 అయిన రోజు పెద్దది మేత వదిలేసింది. మధ్యాహ్నం నుంచి నోటినిండా గడ్డి పట్టుకుని పాకలో ఒక మూలకు మోయడం మొదలుపెట్టింది. పరిచిన గడ్డిని ముందుకాళ్ళతో గీరి, ముట్టెతో సర్ది, నచ్చక మళ్ళీ చెదరగొట్టి, మళ్ళీ పోగుచేసేది. దానికి ఎవరూ నేర్పలేదు, అది చూసి నేర్చుకునేందుకు మరో తల్లిపంది కూడా లేదు. సాయంత్రం అమ్మ చనుమొనను మెల్లగా పిండితే పాలు వచ్చాయి. ఇక ఈ రాత్రేనని అందరం లాంతరు పెట్టుకుని కూర్చున్నాము. కొంతకొంత వ్యవధికి ఒక్కొక్క పిల్ల జారి వచ్చేది, తడితడిగా వణుకుతూ, బొడ్డుతాడు ఈడ్చుకుంటూ, కళ్ళు తెరిచే ఉండి, పుట్టిన కొన్ని నిమిషాలకే తల్లి వెనుక కాలు చుట్టి తిరిగి పొదుగు వెతుక్కునేది. అమ్మ పాతచీర ముక్కతో ఒక్కొక్కదాని మూతి తుడిచి చనుమొన అందించేది. మొదటి రోజు ముర్రుపాలు తాగలేకపోయిన పిల్లకు రోగాన్ని తట్టుకునే బలం రాదని, ఆ గడువు దాటితే పేగు ఆ బలాన్ని లోపలికి తీసుకోలేదని తరువాత తెలిసింది కానీ, అమ్మ అది తెలియకుండానే చేసింది. తెల్లవారుజామున మాయ పడింది. పదకొండు పిల్లలు. మేము నిద్రకు వెళ్ళాము.

తెల్లవారి చూసేసరికి మూడు చనిపోయి ఉన్నాయి.

రోగం లేదు, గాయం లేదు. తల్లి గోడకు ఆనుకుని కిందికి జారుతూ పడుకుంటుంది. అంత బరువున్న పశువుకు అది తేలికైన పద్ధతి. గోడకూ వీపుకూ మధ్య వెచ్చదనం కోసం చేరిన పిల్లలకు తప్పుకునే చోటు లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న ఆ మూడింటినీ గోనెపట్టాలో చుట్టి తీసుకువెళ్ళి లోతుగా గుంట తవ్వి సున్నం చల్లి పూడ్చి వచ్చారు, తిరిగి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం ఒక దుంగను చిత్రిక పట్టి, గోడ నుంచి జానెడుకు కొంచెం ఎక్కువ దూరంలో, నేల నుంచి కూడా అంతే ఎత్తులో, రెండు పక్కల గోడలూ పట్టుకునేలా బిగించారు. 25 సెంటీమీటర్ల ఆ సందులోకి పిల్ల దూరుతుంది, తల్లి వీపు రాదు. మేకులు కొడుతున్నంతసేపూ నేను దుంగ చివర పట్టుకుని ఉన్నాను. ప్రతి దెబ్బకూ కర్ర నా చేతుల్లో అదిరేది. చివరి మేకు దిగిన తరువాత ఆయన ఆ సందులో తన మోచేయి దూర్చి, అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది ముందే పెట్టవలసింది’ అన్నారు.

మరో మూల నాలుగు ఇటుకలు పేర్చి పైన చెక్క వేసి దీపం వేలాడదీశారు. అప్పుడే పుట్టిన పిల్లకు 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం కావాలి, అంత వేడిలో తల్లి రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది. అందుకని వేడి పిల్లల మూలకే పరిమితం కావాలి, అది తల్లి పక్క కన్నా హాయిగా ఉండాలి. రెండో రాత్రి ఎనిమిది పిల్లలూ ఆ దీపం కింద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండడం చూసిన తరువాతే నాన్న అన్నం ముందు కూర్చున్నారు.

పాలిచ్చే పంది పాట వినని వారికి దాన్ని ఎలా చెప్పాలో తెలియదు. ఇంచుమించు గంటకొకసారి తల్లి పక్కకు ఒరిగి, నిదానంగా, లోగొంతుతో గురుగురుమనడం మొదలుపెడుతుంది. పిల్లలు ఎక్కడున్నా పరుగెత్తుకు వచ్చి పొదుగును మూతులతో కుమ్ముతాయి. గురుగురు క్రమంగా వేగం అందుకుంటుంది, ఉన్నట్టుండి బాగా జోరెక్కుతుంది, ఆ క్షణంలో పిల్లలన్నీ కుమ్మడం ఆపి నిశ్శబ్దంగా చప్పరిస్తాయి. పాలు దిగేది ఆ 20 సెకన్లు మాత్రమే. దారి తప్పిన పిల్ల ఆ 20 సెకన్లు పోగొట్టుకుంటే మళ్ళీ గంట ఆగాలి. ప్రతి పిల్లకూ తనదైన చనుమొన ఉంటుంది, అది మొదటి కొద్ది రోజుల పోట్లాటలోనే తేలిపోతుంది, తల వైపున్నవి బలమైన పిల్లలకు దక్కుతాయి. అన్నింటికన్నా చిన్నది చిట్టచివరి చనుమొన దగ్గర మిగిలిపోయింది. చెల్లి రోజూ ఆ 20 సెకన్లలో దాన్ని వెనుక నుంచి ఆసరాగా పట్టుకుని కూర్చునేది. ఆ పిల్ల బతికింది, ఎదిగింది, తరువాత మా పాకలో ఎనిమిది ఈతలు ఈనింది.

పిల్లలు పుట్టిన వారానికి పాలిపోయి మందకొడిగా కనిపిస్తే నాన్న పశువైద్యుణ్ణి తీసుకువచ్చారు. పందిపిల్ల పుట్టుకతో దాదాపు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది, రోజుకు దానికి 7 మిల్లీగ్రాములు కావాలి, తల్లిపాలలో దొరికేది ఒక్క మిల్లీగ్రామే. అడవిలో అయితే మన్ను తవ్వుకుని ఆ లోటు తీర్చుకుంటుంది, గచ్చు మీద పెంచే పిల్లకు ఆ దారి లేదు. ఆయన మెడ పక్కన సూది వేసి, రెండు రోజుల తరువాత చెవులు చూడమన్నారు. లేత గులాబీ రంగు తిరిగి వచ్చిన ఆ చెవులను వెలుతురుకు పెట్టి చూడడం మాకు ఆ వారమంతా పండుగ. అప్పటి నుంచి ప్రతి ఈతలోనూ మూడో రోజు సూది తప్పలేదు, దానితోపాటు తుంగ లేని శుభ్రమైన చోటు నుంచి తెచ్చిన మట్టిపెళ్ళ ఒకటి కూడా పిల్లల మూలలో పెట్టేవారు.

పందుల తరువాత మిగిలినవి ఒక్కొక్కటిగా చేరాయి. నాయనమ్మ పట్టుదల మీద రెండు మేకలు, అమ్మ కోళ్ళు, ఆ తరువాత ఆరు బాతులు. బాతులను తెచ్చింది గుడ్ల కోసం కాదు. చెమ్మ నేలల్లో నత్తల ద్వారా మేకల కాలేయానికి జలగవ్యాధి వస్తుందని తెలిసినప్పుడు, ఆ నత్తలను ఏరి తినడానికి తెచ్చాము. అవి పొద్దున్నే వరుసగా తడి గట్ల వెంట ముక్కులు గుచ్చుకుంటూ వెళ్ళి, సాయంత్రం అదే వరుసలో తిరిగి వచ్చేవి. రాత్రిళ్ళు నాయనమ్మ పొదుగుడు కోడి కింద నుంచి ఏడో రోజు గుడ్లు తీసి, చీకటి గదిలో టార్చిలైటు మీద పెట్టి చూపించేది. బతికిన గుడ్డులో ఎర్రని సాలెగూడులా నరాలు, నడుమ కదిలే చిన్న చుక్క ఉండేవి. ఖాళీ గుడ్డు నిండా పసుపు వెలుగు తప్ప ఏమీ ఉండేది కాదు. మేకలు ఎక్కువ శ్రమ పెట్టలేదు. వాటి గురించి చెప్పుకోవడానికి కూడా ఎక్కువ లేదు, మా గోరింట చెట్టును మొదలంటా తినేయడం తప్ప.

గొర్రెల విషయంలో మాత్రం మా తప్పు ఉంది. నాన్న ఒక జత గొర్రెలను తెచ్చి పందులతోపాటే తిరగనిచ్చారు. అవి పందుల దాణా తొట్టెలో తల పెట్టి తింటుంటే, తింటే బలమే కదా అనుకున్నాము. కొన్ని నెలల తరువాత ఆడగొర్రె ఒకటి ఉన్నట్టుండి నీరసించి, కళ్ళు పచ్చబడి, ముదురు ఎరుపు మూత్రం పోసి, రెండు రోజుల్లో చనిపోయింది. పందుల దాణాలో పెరుగుదల కోసం రాగి కలుపుతారట. పందికి అది హాని చేయదు, గొర్రె కాలేయం మాత్రం దాన్ని బయటికి పంపలేక చాలాకాలం దాచుకుని దాచుకుని ఒక రోజు ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తుంది. పశువైద్యుడు ఈ మాటలు చెబుతుంటే నాన్న తల దించుకుని విన్నారు. ఒక పశువుకు మేలు చేసే మేత మరొక పశువుకు విషం కావచ్చునన్న సంగతి మాకు ఆ గొర్రె ప్రాణం పోతేగానీ తెలియలేదు, ఈ రోజుకూ ఆ గొర్రె ముఖం తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అమ్మ గట్టిగా నిలబడిన విషయం ఒకటి ఉంది. పెద్ద వంటశాల నుంచి మిగిలిన ఎంగిలి మేత ఉచితంగా ఇస్తామని ఒకరు ముందుకు వచ్చారు. దాణా ఖర్చు సగం తగ్గుతుందని నాన్నకు ఆశ. మాంసం కలిసిన ఎంగిలి మా పాకలోకి రావడానికి వీలులేదని అమ్మ అంది, కారణం అడిగితే చెప్పలేకపోయింది, మనసు ఒప్పుకోవడం లేదని మాత్రమే చెప్పింది. చాలా ఏళ్ళ తరువాత, 1921లో కెన్యాలో మొదటిసారి వివరంగా నమోదైన, పందుల ప్రాణాలు తీసే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే అంటువ్యాధి 2007లో జార్జియా దేశానికి చేరిన తీరు చదివాను. ఓడల నుంచి దించిన ఎంగిలి ఆహారాన్ని పందులు తినడం వల్లనే అది అక్కడికి చేరి ఉంటుందని భావిస్తున్నారు. అక్కడ నుంచి అది దేశాలు దాటి 2018లో చైనా దాకా వెళ్ళింది. ఆ వ్యాసాన్ని అమ్మకు చదివి వినిపించాను. ఆమె విని, ‘పాపం, ఎంతమంది పాకలు ఖాళీ అయ్యాయో’ అంది.

పిల్లలను అమ్మే రోజులు మాత్రం ఎన్నేళ్ళు గడిచినా తేలిక కాలేదు. పందిని వెనుక నుంచి నెడితే అది ఎదురు తిరుగుతుంది. చీకటిలోకి నడవమంటే నడవదు. బండి లోపల దీపం పెట్టి, వాలు మీద వాటి పాకలోని గడ్డినే పరచి, వెనుక ఒక చెక్కను అడ్డంగా పట్టుకుని వాటి అడుగుతో మన అడుగు కలిపితే కర్ర ఎత్తవలసిన పని లేకుండా ఎక్కుతాయి. నాన్న ఎప్పుడూ కర్ర పట్టుకోలేదు, పట్టుకున్న కొనుగోలుదారుకు ఒకసారి పిల్లలను అమ్మకుండా తిప్పి పంపారు. బండి కదిలే దాకా ఆయన పక్కనే నడిచేవారు. అమ్మ ఆ ఉదయాలు బయటికి వచ్చేది కాదు, బాల్చీలు తోముతూ ఉండేది, తోమిన బాల్చీనే మళ్ళీ తోమేది.

మొన్న పాక పూర్తిగా విప్పేసరికి పొద్దు వాలింది. పనికిరాని కర్రలన్నీ ఒకచోట పోగుచేసి, వాటితోపాటు ఆ అడ్డకర్రను కూడా వంటచెరకుకు వేయమంటారా అని మేస్త్రీ అడిగాడు. చెల్లి దాన్ని పక్కకు తీయమంది. మేకులు తుప్పుపట్టి దుంగలోనే విరిగిపోయాయి. గోడవైపు చిత్రిక గుర్తులు నాన్న పట్టిన నాటి గరుకుతోనే ఉన్నాయి. రెండో వైపు మాత్రం, ఎన్నో తల్లిపందులు వీపు ఆనించి కిందికి జారిన చోట, కర్ర లోతుగా అరిగి, నూనె రాసినట్టు నునుపుగా మెరుస్తోంది. ఇద్దరం చెరో చివర పట్టుకుని బండి దాకా మోసుకువెళ్ళాము. చిన్నప్పుడు నాన్న మేకు కొడుతుంటే నేను పట్టుకున్న చివర చెల్లి చేతిలో ఉంది.